రాతమ్మ కొట్టేసిన నాలుగు వాక్యాలు

మా పురపాలక కార్యాలయంలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. కమిషనర్ దగ్గర్నుంచి టీ తెచ్చే ఆయన దాకా అందరికీ ఆమె రాతమ్మే. కౌన్సిల్ సమావేశాల్లో ఎవరేం మాట్లాడినా పొల్లు పోకుండా రాసే స్టెనోగ్రాఫర్. ఇరవై మూడేళ్ళుగా చైర్మన్ వేదిక కింద అదే చిన్న బల్ల, అదే వెన్ను విరిగిన కుర్చీ. ఉపన్యాసం మధ్యలో ఎవరికైనా తాము గొప్పమాట అన్నామనిపిస్తే ఆగి, వేలు చూపించి, "ఇది రాసుకో రాతమ్మా" అనేవాళ్ళు. అప్పటికి ఆమె ఆ మాట రాసేసి, తర్వాతి మాట కోసం పెన్సిలు ఎత్తి పట్టుకుని ఉండేది.

నేను జనన మరణాల విభాగంలో గుమాస్తాను. సమావేశాలు లేని రోజుల్లో మా ఇద్దరి బల్లలూ పక్కపక్కనే. ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను పిల్లా అనేది, నాకు నలభై దాటినా సరే.

ఆమె పని పద్ధతి ఒక్కసారి చెబితే తర్వాతి కథ తేలిగ్గా అర్థమవుతుంది. సభలో మాట్లాడింది షార్ట్‌హ్యాండ్ గీతల్లో నోటుబుక్కులోకి ఎక్కించేది. మర్నాడు దాన్ని టైపు చేసి, చైర్మన్‌తో సంతకం చేయించి, మినిట్స్ పుస్తకంలో అంటించేది. లోకానికి కనబడేది ఆ పుస్తకమే. చైర్మన్ గనక "రికార్డుల్లోంచి తొలగించండి" అంటే, నోటుబుక్కులో ఆ గీతల మీద ఒక అడ్డగీత కొట్టి, టైపులో ఆ ముక్క వదిలేసేది. అది చైర్మన్‌కు ఉన్న అధికారం. ఆమె ఏనాడూ ఎదురు చెప్పలేదు.

"మనకెందుకే పిల్లా?" అనేది. "నేను గోడ గడియారం లాంటిదాన్ని. కింద కూర్చున్నవాడు దొంగైనా దొరైనా ఒకటే టైము చూపిస్తాను."

ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం ఉండేది. ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్కు. చేతులు నూనె, నోరు మౌనం. ఇంట్లో మాటలన్నీ అత్తగారివి. ఎనభైకి దగ్గర పడుతున్న ఆ పెద్దావిడ భూతద్దం పెట్టుకుని పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, ఒక్కో నాయకుడి ఫొటో మీదా వేలు పెట్టి మరీ తిట్టేది. కోడలు నవ్వి ఊరుకునేది. రోజంతా వాళ్ళ మాటలు రాసి వచ్చినదానికి ఇంట్లో మళ్ళీ వాళ్ళ గొడవెందుకని.

అయితే ఆమెకు కూడా ఒక మనిషంటే గౌరవం ఉండేది. బయటపడనిచ్చేది కాదు గానీ నాకు తెలుసు. ఆయన్ను అందరూ ప్రశ్నల మేష్టారు అనేవాళ్ళు. లెక్కల టీచరుగా పనిచేసి మానేసి, ప్రతిపక్షం తరఫున కౌన్సిలర్ అయ్యాడు. వీధి దీపం వెలగకపోయినా, చెత్తబండి రాకపోయినా కాగితం పట్టుకుని లేచేవాడు. వాక్యం మొదలుపెడితే ముగించేవాడు. "ఆయన మాట్లాడితే చేతికి హాయిగా ఉంటుందే. మిగతావాళ్ళ మాటలు రాయడమంటే రాళ్ళ మీద సైకిలు తొక్కడమే" అని ఒకసారి నాతో అంది.

నేను చెప్పబోయే ఏడాది మొదట్లో చైర్మన్‌గా ఉన్నాయన పేరు గంభీరం. అంటే మేం పెట్టిన పేరు. కాఫీ అడిగినా సంతాప తీర్మానం చదువుతున్నట్టు అడిగేవాడు. ఆ ఏడాది మొదటి సమావేశంలో ప్రశ్నల మేష్టారు లేచి, జేబులోంచి పొట్లం తీసి, చైర్మన్ బల్ల మీద విప్పాడు. అందులో పిడికెడంత సిమెంటు పెళ్ళ.

"అధ్యక్షా, ఇది మన కూరగాయల మార్కెట్టు పై అంతస్తుకు వెళ్ళే మెట్ల నుంచి ఊడింది. నేను గునపం వాడలేదు, చేత్తో లాగితే వచ్చింది. లోపలి ఇనుప చువ్వలు తుప్పు పట్టి బయటికి కనిపిస్తున్నాయి. మనుషుల మీద పడేలోపు ఆ మెట్లు మూసేయండి."

నాలుగే వాక్యాలు. ఆ మెట్లు కట్టించిన కాంట్రాక్టరు గంభీరానికి వియ్యంకుడు. సభలో గోల మొదలైంది. ఎవరో ఆ పెళ్ళను విసిరేశారు. అది రాతమ్మ బల్ల అంచుకు తగిలి చిట్లింది. గంభీరం చెయ్యెత్తి, "నిరాధారమైన మాటలు. రికార్డుల్లోంచి తొలగించండి" అన్నాడు.

రాతమ్మ నోటుబుక్కు మీద పడిన పొడిని ఊదేసి, ఆ నాలుగు వాక్యాల మీదా అడ్డగీత కొట్టింది. పేజీ తిప్పి, "అధ్యక్షుల ఆజ్ఞ" అని రాసి, తేదీ, సమయం వేసింది. అది ఆమె అలవాటు. తర్వాత చేతులు దులుపుకుని నాతో కలిసి భోజనానికి వచ్చింది. ఆ రోజు ఏం తిన్నామో గుర్తులేదు గానీ, ఇద్దరం కడుపునిండా తిన్నామన్నది మాత్రం గుర్తుంది.

రెండో నెలలో గంభీరం మీద అవిశ్వాసం పెట్టారు. ఆయన సొంత సభ్యులు పదకొండుమంది ఒక బస్సెక్కి ఎక్కడికో మాయమై, ఆరు రోజుల తర్వాత ఓటు వేయడానికి తిరిగొచ్చారు. ఎండకు కమిలి, నిద్రకు ఉబ్బి, కొత్త చొక్కాల్లో, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా దిగారు. ఆ బస్సు మర్నాడు డిపోకు వచ్చింది. దాన్ని శుభ్రం చేయించిన రాతమ్మ భర్త ఆ సాయంత్రం నోరు విప్పాడు. ఏడాదిలో ఒకసారి విప్పే నోరు.

"సీట్ల కింద నమిలి ఊసిన ఎముకలు. ఎవడో కక్కుకున్నాడు, దాని మీద పేపరు కప్పాడు. ఇంకో సీటు కింద ఇది దొరికింది, చూడు."

అది టైపు చేసిన కాగితం. పదకొండు సంతకాలతో, "ప్రాణం పోయినా ఇచ్చిన మాట తప్పము" అని రాసి ఉంది. దాంతో ఎవరో కూర చేతులు తుడుచుకున్నారు. అత్తగారు భూతద్దం పెట్టి సంతకాలు ఒక్కొక్కటీ చదివి, "కప్పల తక్కెడ అంటే ఇదేనే కోడలా. తూకం వేసేలోపు సగం దూకేస్తాయి" అంది.

రాతమ్మ ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చెత్తబుట్టలో వేసింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుందట. అప్పటికి అంతే.

గంభీరం దిగిపోయాక కలప అడితి నడిపే ఆయన చైర్మన్ అయ్యాడు. నాలుగు నెలలు తిరక్కుండానే ఆయన్నీ దించి సినిమాహాలు ఆయన్ను ఎక్కించారు. ఎక్కిన ప్రతివాడూ ఒకటే ఉపన్యాసం. "ఈ కుర్చీ నాకు అలంకారం కాదు, బాధ్యత." మూడోసారి రాతమ్మ ఉపన్యాసం మొదలవకముందే మొదటి పేజీ రాసి పెట్టుకుంది. సరిచూస్తే రెండు మాటలే తేడా. భోజనాల దగ్గర అది చెప్పి నన్ను నవ్వించింది. తాను మాత్రం పూర్తిగా నవ్వలేదు. "ఎంగిలి అన్నం మళ్ళీ మళ్ళీ వడ్డిస్తున్నట్టుందే" అంది.

మూడో చైర్మన్ వచ్చినప్పుడే ప్రశ్నల మేష్టారు అటువైపు దూకాడు. వైస్ చైర్మన్ పదవి ఇచ్చారు. ఆ రోజు సమావేశం అయ్యాక ఆయన తనంతట తానే రాతమ్మ బల్ల దగ్గరికి వచ్చాడు.

"మీరేమనుకుంటున్నారో నాకు తెలుసమ్మా" అన్నాడు. "బయట నిలబడి ఎంత అరిచినా గోడలే వింటాయి. లోపలికి వెళితేనే పని జరుగుతుంది. ముందు ఆ మార్కెట్టు మెట్ల సంగతే చూస్తాను."

"నేనేమీ అనుకోవడం లేదండీ" అంది రాతమ్మ. కానీ నాతో, "నిజమేనేమో పిల్లా. ఆయన అన్నాడంటే చేస్తాడు" అంది. నమ్మింది. నేనూ నమ్మాను. నమ్మడం తేలిక గదా, దానికి మనం ఏమీ చెయ్యక్కర్లేదు.

మెట్లు పడ్డది దాని తర్వాత పది వారాలకు. పొద్దున్న పదిన్నర. మార్కెట్టు మా కార్యాలయానికి ఎదురుగానే. ముందు పెద్ద చప్పుడు కూడా కాదు, లారీలోంచి కంకర దింపుతున్నట్టు ఒక జారుడు. తర్వాత కేకలు. మేం పరుగెత్తుకుని రోడ్డు దాటేసరికి దుమ్ములో ఏమీ కనిపించలేదు. దుమ్ము తగ్గాక మెట్ల చోట ఖాళీ కనబడింది. పై అంతస్తు గుమ్మం గాలిలోకి తెరుచుకుని ఉంది.

బస్తా ఎత్తుకుని పైకి వెళుతున్న హమాలీ అక్కడికక్కడే పోయాడు. మెట్ల కింద నీడన కూర్చుని ఆకుకూరలు అమ్మే ఆవిడ కాలు స్లాబు ముక్క కింద ఇరుక్కుంది. రాతమ్మ ఆమె దగ్గరే పదిహేనేళ్ళుగా కూరలు కొనేది. వదినా అంటే వదినా అనుకునేవాళ్ళు. ఆమె అరవడం లేదు. ఆకుల కట్టలన్నీ సిమెంటు పొడితో బూడిద రంగులోకి మారిపోతే, వాటిని చేత్తో దులుపుతోంది. కాలు కదలడం లేదని ఇంకా తెలియలేదు. రాతమ్మ ఆ పొడిలో మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. నలుగురు కలిసి స్లాబు ఎత్తేదాకా వదల్లేదు.

కాలు మోకాలి కింద తీసేశారు. హమాలీ మరణాన్ని నమోదు చేసింది నేనే. కారణం అన్న గడిలో "ప్రమాదం" అని రాయమన్నారు. రాశాను.

ఆ వారంలోనే అత్యవసర సమావేశం. రెండు నిమిషాలు మౌనం పాటించారు. అందులోనే ఒకరి ఫోను మోగింది. తర్వాత వైస్ చైర్మన్ హోదాలో ప్రశ్నల మేష్టారు లేచాడు. అదే చక్కని గొంతు. మొదలుపెట్టిన వాక్యం ముగించే అలవాటు ఎక్కడికీ పోలేదు.

"ఈ దుర్ఘటన మనందరినీ కలచివేసింది. బాధాకరమైన విషయం ఏమిటంటే, ఆ మెట్ల పరిస్థితి గురించి ఈ సభలో ఇంతవరకూ ఏ ఒక్క సభ్యుడూ ప్రస్తావించలేదు. ఒక్కరు చెప్పి ఉన్నా మనం కాపాడుకునేవాళ్ళం. కావాలంటే మినిట్స్ పుస్తకం తిరగేసి చూసుకోవచ్చు."

ఏదో కాగితం అందించడానికి వెళ్ళి, నేను ఆ సమయానికి తలుపు దగ్గర ఉన్నాను. రాతమ్మ చెయ్యి ఆ మాటలు కూడా రాసింది. ఇరవై మూడేళ్ళ అలవాటు, దానంతటదే రాస్తుంది. రాశాక తలెత్తింది. సభ జరుగుతుండగా ఆమె తలెత్తడం నేను చూడడం అదే మొదటిసారి. ఆయన కూడా ఆమె వైపే చూస్తున్నాడు. కళ్ళు తిప్పుకోలేదు. సిగ్గుపడలేదు. చిన్నగా, సౌమ్యంగా, "రాసుకున్నారు గదా అమ్మా?" అన్నాడు.

సమావేశం అయ్యాక ఆమె నేరుగా చేతులు కడుక్కునే చోటికి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను. నోరు పుక్కిలించి ఉమ్మింది. మళ్ళీ పుక్కిలించింది. అంతకుముందు ఏమీ తినలేదు, తాగలేదు.

"ఏమైంది అక్కా?"

"చీము తాగినట్టుందే" అంది. "అడిగినవాడే అడగలేదంటున్నాడు. నేను కొట్టేశానన్న ధైర్యంతో అంటున్నాడు. నా చేతి మీద నిలబడి అబద్ధం చెబుతున్నాడే వాడు."

ఆయన్ను ఆమె వాడు అనడం అదే మొదలు.

విచారణ వేశారు. పై ఊరి నుంచి ఒక అధికారి వస్తాడని తెలిశాక, ప్రశ్నల మేష్టారు రాతమ్మను తన గదికి పిలిపించాడు. ఆ సంభాషణ ఆమె నాకు చెప్పింది. చెప్పడమంటే, అలవాటు కొద్దీ ఎవరి మాట వాళ్ళ గొంతులోనే అప్పజెప్పింది.

"కూర్చోండమ్మా. మీ పాత నోటుబుక్కులు ఎక్కడుంటాయి?"

"నా బీరువాలోనండీ."

"పాత బీరువాలు. చెదలు పట్టి ఉంటాయేమో."

"పట్టలేదండీ. కలరా ఉండలు వేస్తాను."

ఆయన నవ్వాడట. "మీకెందుకు చెబుతున్నానంటే, మీ మంచి కోరి. ఆ రోజు నేను చెప్పాను, నిజమే. కొట్టేసింది ఎవరు? మీరు. గంభీరం నోటితో అన్నాడు, మీరు చేత్తో చేశారు. ఆ పుస్తకం బయటికొస్తే నేను నాలుగు రోజులు తలదించుకుంటాను, అయిపోతుంది. మీకు ఇంకా ఏడేళ్ళ సర్వీసుంది. ఆలోచించుకోండి."

"మెట్ల సంగతి చూస్తానన్నారు గదండీ" అని అడిగిందట రాతమ్మ.

"పరిస్థితులమ్మా. ఒక్కొక్కటే చూస్తూ వస్తున్నాం."

ఆ గదిలోంచి వచ్చాక ఆమె అన్న మాట నాకింకా చెవిలో ఉంది. "వాడు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదే. అదే వాంతికొస్తోంది."

మూడు రోజుల తర్వాత, ఆదివారం పొద్దున్న, గంభీరం ఆమె ఇంటికి వచ్చాడు. వెంట నలుగురు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అత్తగారికి కళ్ళలో చుక్కలు వేయడానికి సాయం వెళ్ళాను. ముందుగదిలో కుర్చీలు చాలక ఇద్దరు గుమ్మంలో నిలబడ్డారు. గంభీరం గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ధర్మం ఇవాళ నీ చేతిలో ఉంది. ఆ వైస్ చైర్మన్ చెప్పింది పచ్చి అబద్ధమని నీకు తెలుసు, నాకు తెలుసు. ఆ నోటుబుక్కు విచారణలో పెట్టు. నీ వెనక మేమంతా ఉంటాం."

ఆయన కాస్త ముందుకు వంగాడు.

"అంటే, మొత్తం పుస్తకం అక్కర్లేదు. వాడు మెట్ల గురించి మాట్లాడిన పేజీ చాలు. దాని వెనకాల ఏవో గొడవలు, అరుపులు, అధ్యక్షుల ఆజ్ఞలు... అవన్నీ చదివి వాళ్ళ సమయం పాడుచేయడం ఎందుకు?"

పక్కగదిలో పడుకున్న అత్తగారు కళ్ళు మూసుకునే కేక వేసింది. "ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అన్నారా! కోడలా, వాళ్ళు కూర్చున్న కుర్చీలు బయట పడేసి కడుగు!"

రాతమ్మ లేచి నిలబడింది. "మీరు వెళ్ళండి" అంది. అంత పెద్దమనిషితో ఆమె అంత చిన్న మాట మాట్లాడడం ఎప్పుడూ వినలేదు. వాళ్ళు వెళ్ళాక కుర్చీలు కడగలేదు గానీ, చాలాసేపు వాటిలో కూర్చోలేకపోయింది. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది.

"రెండు పక్షాలున్నాయనుకున్నానే ఇన్నాళ్ళూ" అంది. "ఒకటి తప్పయితే ఇంకోటి ఒప్పవుతుందని. ఒక పేజీకి ముందు ఒకడు, వెనక ఒకడు. ఇద్దరికీ మధ్యలో నేను, కొట్టేసిన గీత."

ఆమె భర్త చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏం చేస్తావు?" అని అడిగాడు.

"రెండు పేజీలూ చదువుతాను."

"ఉద్యోగం?"

"తెలీదు."

ఆయన "సరే, చదువు" అన్నాడు. అంతే.

విచారణ కౌన్సిల్ హాల్లోనే జరిగింది. ఆ గీతలు ఇంకెవరికీ చదవడం రాదు గనక, ఆమె చదివేది నిజమో కాదో తేల్చడానికి ఆమెకు షార్ట్‌హ్యాండ్ నేర్పిన టైపు మాస్టారును పిలిపించారు. ఆయనకు వినికిడి తగ్గింది, చూపు తగ్గలేదు. నోటుబుక్కు ముక్కు దగ్గర పెట్టుకుని, చెవుడున్నవాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా, హాలంతా వినబడేలా ఆ నాలుగు వాక్యాలూ చదివాడు. "చేత్తో లాగితే వచ్చింది." "మనుషుల మీద పడేలోపు ఆ మెట్లు మూసేయండి." తర్వాత పేజీ తిప్పి, "అధ్యక్షుల ఆజ్ఞ. పదకొండు గంటల నలభై నిమిషాలు" అని అదీ చదివాడు. ప్రశ్నల మేష్టారు కిటికీలోంచి బయటికి చూశాడు. గంభీరం కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ఈ అడ్డగీత ఎవరు కొట్టారు?" అని అధికారి అడిగాడు.

"నేనే" అంది రాతమ్మ. "ఆజ్ఞ వారిది. చెయ్యి నాది. ఆ రోజు రాత పోయినా కనీసం ఇంజనీరుగారికి ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. అది నా పని కాదనుకున్నాను."

మాస్టారు వెళుతూ వెళుతూ ఆమె బల్ల దగ్గర ఆగి, "గీతలు చక్కగా ఉన్నాయమ్మా" అన్నాడు. ఆయన పొగిడాడు. ఆమె ముఖం చెప్పుతో కొట్టినట్టయింది.

నివేదిక వచ్చేసరికి ఏడాది చివరికొచ్చింది. అప్పటికి సినిమాహాలు ఆయన్నీ దించేశారు. నాలుగో చైర్మన్‌గా ప్రశ్నల మేష్టారు ఎక్కాడు. ఆయన పేరును ప్రతిపాదించింది గంభీరం. ఇద్దరూ వేదిక మీద కావలించుకుంటే ఫొటోలు తీశారు. దొంగలూ దొంగలూ ఊళ్ళు పంచుకున్నట్టు, అవతలవాడి పేజీ గురించి ఇవతలవాడు మాట్లాడకూడదని ఒప్పందం కుదిరిందని కార్యాలయమంతా చెప్పుకుంది. నివేదికలో తప్పులు ముగ్గురివి. రిటైరై చనిపోయిన ఒక ఇంజనీరు. మార్కెట్టు వాచ్‌మన్. మూడోది, "సభా వ్యవహారాల నమోదులో నిర్లక్ష్యం వహించిన" స్టెనోగ్రాఫర్.

ఆమెను కౌన్సిల్ హాల్లోంచి తీసి తాగునీటి ఫిర్యాదుల కౌంటరుకు వేశారు. సర్వీసు పుస్తకంలో ఒక నల్లమచ్చ పడింది. ఆ ఉత్తర్వు అందుకుని సంతకం చేస్తూ, "మిగతా ఇద్దరి గురించి రాసింది అబద్ధం గానీ, నా గురించి రాసింది నిజమే" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మాత్రం అలసిపోయినట్టుంది.

ఆ సాయంత్రం ఇద్దరం ఆకుకూరల వదినను చూడడానికి వెళ్ళాం. ఒకే గది ఇల్లు. ఆమె మంచం మీద కూర్చుని, ఎవరో తెచ్చిచ్చిన కూర కట్టలు విడదీసి చిన్న కట్టలు కడుతోంది. రాతమ్మ మొత్తం చెప్పేసింది. పెళ్ళ, నాలుగు వాక్యాలు, అడ్డగీత. ఏమీ దాచలేదు. వదిన చేతులు ఆపకుండా వింది.

"నువ్వు కొట్టెయ్యకుండా ఉంటే నా కాలు ఉండేదా?"

"తెలీదు వదినా."

"తెలీదనకు. పదిహేనేళ్ళు ఆ మెట్ల కింద కూర్చున్నాను. రోజూ నా దగ్గర కూరలు కొన్నావు. ఆ రోజు సాయంత్రం కూడా కొనే ఉంటావు. 'వదినా, కాస్త జరిగి కూర్చో' అనడానికి నీకు ఏ చైర్మను అడ్డొచ్చాడు?"

ఆ సిమెంటు పెళ్ళ సంగతి ఆ రోజు మధ్యాహ్నమే భోజనాల దగ్గర నేనూ విన్నాను. వదిన క్షమించాననలేదు, పొమ్మనీ అనలేదు. కాసేపటికి ఒక కట్ట రాతమ్మ వైపు తోసి, "దారం పట్టుకో" అంది. చీకటి పడకముందే పని అయిపోయింది. తిరిగొస్తుంటే దారిలో అడిగాను.

"ఇంత జరిగాక ఏం తెలిసింది అక్కా?"

"వాళ్ళు కుళ్ళిపోయారని తెలిసింది. అది అత్తగారికి ఎప్పుడో తెలుసు, ఇంట్లో కూర్చునే తెలుసుకుంది. నాకు కొత్తగా తెలిసిందల్లా ఒక్కటే. ఆ కుళ్ళుకు మూత నేను. వాసన బయటికి రాకుండా ఇరవై మూడేళ్ళు చక్కగా, శుభ్రంగా మూతేసి కూర్చున్నాను. దానికి గడియారమని పేరు పెట్టుకున్నాను."

కౌన్సిల్ హాల్లో ఆమె కుర్చీలో ఇప్పుడు నన్ను కూర్చోబెట్టారు. షార్ట్‌హ్యాండ్ రాదు, మామూలు రాతే. ఒక రికార్డింగు యంత్రం కూడా ఇచ్చారు. చైర్మన్ వేలెత్తితే దాన్ని ఆపాలి. కిందటి సమావేశంలో ఒక కొత్త సభ్యురాలు లేచి, ఫలానా వీధిలో మంచినీళ్ళ గొట్టంలోకి మురుగు కలుస్తోందని, పిల్లలకు వాంతులవుతున్నాయని చెప్పింది. ఆ గొట్టాలు వేసినవాళ్ళు ఎవరి మనుషులో అందరికీ తెలుసు. ప్రశ్నల మేష్టారు సౌమ్యంగా నవ్వి, వేలెత్తి, "తొలగించండి" అన్నాడు.

ఇంత చూసినదాన్ని, ఇంత విన్నదాన్ని, ఏదో చేశానని చెప్పుకోవాలని ఉంది. యంత్రం ఆపాను. రాసింది కొట్టేశాను. కొట్టేశాక నా చెయ్యి నాకే రోతగా అనిపించింది. భోజనం మీద ఈగ వాలినట్టు ఆ రోజంతా దాన్ని విదిలిస్తూనే ఉన్నాను.

మర్నాడు కింద ఫిర్యాదుల కౌంటరుకు వెళ్ళాను. అక్కడ వరస చాలా పొడుగ్గా ఉంది. రాతమ్మ ఎవరు ఏం చెప్పినా వాళ్ళ మాటల్లోనే రాసి, పైకి చదివి వినిపించి, నంబరు వేసి, సంతకం చేసిన నకలు చేతికిస్తోంది. ఆ నకళ్ళు పట్టుకుని జనం మర్నాడు ఇంజనీరు గది ముందు నిలబడుతున్నారట. ఆయనకు ఆమె అంటే మంట. నా వంతు వచ్చేదాకా వరసలోనే నిలబడ్డాను.

"ఏంటే పిల్లా, నువ్వు వచ్చావు?"

గొంతు తగ్గించి జరిగింది చెప్పాను. ఆమె తిట్టలేదు, ఓదార్చలేదు.

"ఏ వీధి?" అంది. చెప్పాను. "ఆవిడ ఏమంది? ఆవిడ అన్నట్టే చెప్పు." గుర్తున్నంత వరకు చెప్పాను. రాసింది. పైకి చదివింది. వెనకాల నిలబడ్డవాళ్ళు విని, "అవును, మా వీధిలోనూ అంతే" అన్నారు. ఆమె పెన్ను ఎత్తి పట్టుకుని నా వైపు చూసింది.

"ఫిర్యాదు చేస్తున్నవాళ్ళ పేరు?"

వెనక్కి తిరిగి చూశాను. మెట్ల మీద చైర్మన్ గది జవాను నిలబడి ఇటే చూస్తున్నాడు. మళ్ళీ కౌంటరు వైపు తిరిగి, నా పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా, చెప్పాను.